ఎర్రగళ్ళ కోక

పోయిన నెలలో మా మేనకోడలి మీద అరిచాను. అరవడమంటే మామూలుగా కాదు. ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో తెలుగు చెప్పి పదునెక్కిన గొంతు నాది. వీధిలో ఆటో తుడుచుకుంటున్న మనిషి చేతిలో గుడ్డ పడేసి మా గుమ్మం దాకా వచ్చాడు, ఏమైందోనని. పిల్ల పేరు స్నేహ, మా తమ్ముడి కూతురు. హైదరాబాదులో బట్టలకు డిజైన్లు గీసే ఉద్యోగం. మా అమ్మ పోయి ఏడాదయిందని అమలాపురంలో మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటే వచ్చింది. వచ్చిన మనిషి ఊరికే కూర్చోదు కదా, "అత్తా, నాన్నమ్మ ట్రంకుపెట్టె తెరిచి చూడనా?" అంది. చూసుకోవే అన్నాను. అమ్మ పెట్టెలో ఏముంటాయి, తెల్లచీరలూ కలరా ఉండలూ తప్ప! పది నిమిషాల తర్వాత హాల్లోకి వచ్చింది. జీన్స్ ప్యాంటు మీద ఒక ఎర్రగళ్ళ ముతక చీర చుట్టుకుని, దాన్ని మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, ఫోను ఎత్తి పట్టుకుని ఫొటో తీసుకుంటోంది. "అత్తా, అసలీ చీర ఎంత బాగుందో చూడు! ఇలాంటివాటి కోసం మావాళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నారు" అంది.

"తియ్యి! ముందది ఒంటి మీంచి తియ్యి!" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. పిల్ల బిత్తరపోయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మా తమ్ముడు, "ఏంటక్కా, పాత చీరేగా, దానికంత రాద్ధాంతమా?" అన్నాడు. వాడికి తెలియదు. ఆ చీర మా ఇంటికి వచ్చిననాటికి వాడికి ఏడేళ్ళు. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళ కిందట తగలబెట్టేసి ఉంటారనుకున్న చీర అది. దాని వెనకాల నేనన్న ఒక మాట ఉంది, నేను చెప్పుకోలేకపోయిన క్షమాపణ ఉంది. నాకు కోపం వచ్చింది స్నేహ మీద కాదు. ఎవరి మీదో చెప్పాలంటే మా పేట దాకా వెళ్ళాలి.

ఐనవిల్లికి అవతల, కాలవ గట్టుకు ఆనుకుని ఉండేది మా పేట. నలభై గడప ఉంటుందేమో. తాతల కాలంలో అందరూ కామందుల చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. నాకు ఊహ తెలిసేసరికి మాత్రం ఇంటికొక మాస్టారో నర్సో పోస్టుమేనో తయారయ్యారు. మా నాన్న ఎలిమెంటరీ బడి హెడ్మాస్టరు. ఇంట్లో నాన్న, అమ్మ, నేను, తమ్ముడు, నాన్న తల్లి సువార్తమ్మ. ఆవిణ్ణి మామ్మ అనేవాళ్ళం. ఆ ఇంటికి ఏదైనా మతం ఉందంటే అది క్రైస్తవం కంటే ముందు గంజి అని నాకు అనిపించేది. శనివారం వచ్చిందంటే చాలు, వేరే లోకం. అమ్మ పెద్ద కుండలో అన్నం వార్చి, ఆ గంజిని పాత పంచె ముక్కలో వడకట్టేది, ఒక్క మెతుకు కూడా దిగకుండా. బకెట్లో నీలిమందు కలిపేది. ఉతికిన చీరలు ముందు నీలంలో, తర్వాత గంజిలో ముంచి, పిండి, కాలవ గట్టున కొబ్బరిచెట్లకు కట్టిన తాళ్ళ మీద ఆరేసేవాళ్ళం. మామ్మ పీట వేసుకుని కూర్చుని, వేళ్ళతో గంజి తాకి చూసి, "పల్సగుందే, ఇది గంజా, బియ్యం కడుగా?" అని అమ్మను సాధించేది. మధ్యాహ్నం ఇస్త్రీ. ఆ పెట్టెలోకి బొగ్గులంటే కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గులే. వాటిని విసిరి విసిరి నా చెయ్యి పడిపోయేది. తడి చల్లి చుట్టిపెట్టిన బట్ట మీద వేడి పెట్టె ఆనగానే గంజీ నీలిమందూ చిప్పల పొగా కలిసి ఒక వాసన లేచేది. ఇప్పటికీ ఎక్కడైనా అన్నం వారుస్తుంటే నాకు ఇస్త్రీ వాసన తగులుతుంది.

అన్నీ తెలుపే. నాన్న పంచెలు తెలుపు, లాల్చీలు తెలుపు, అమ్మ చీరలు తెలుపు, మామ్మ చీరలు మరీ తెలుపు. నాకైతే దయతలచి లేత గులాబీ, లేత నీలం వోణీలు కొనేవారు, అదీ ఉతుకుల్లో వెలిసిపోయి చివరకు తెల్లబడేవే. పేటలో ప్రతి ఇంటివీ ఒకేలాంటి తెల్లచీరలు కావడం వల్ల తాళ్ళ మీద కలిసిపోయి దెబ్బలాటలు వచ్చేవి. అందుకని ప్రతి ఇల్లాలూ చీర మూల దారంతో ఒక గుర్తు కుట్టుకునేది. ఒకరిది శిలువ, ఒకరిది పువ్వు. మా మామ్మది అక్షరం. ఆవిడకు చదువు రాదు. చిన్నప్పుడు మిషను దొరసానమ్మ నేర్పిన ఒకే ఒక్క అక్షరం ఆవిడకు తెలుసు, తన పేరులో మొదటిది, 'సు'. నీలం దారంతో, వంకరటింకరగా, కొమ్ము కాస్త కిందికి జారిపోయేలా కుట్టేది. చీరలకే కాదు, దిండుగలీబుకూ, పై తువ్వాలుకూ కూడా. కానీ తనది అనుకుంటేనే. మా మేనత్త ఒకసారి జరీ అంచు చీర తెస్తే ఏడాదిపాటు పెట్టెలో ఉంచి, అక్షరం వెయ్యకుండానే తిరిగి ఇచ్చేసింది. "అచ్చరం ఏసేనంటే ఇంక అది నాదేనే. ఆపైన దేవుడడిగినా ఇవ్వను" అనేది.

ఇంక ఆదివారం. మా పేట నుంచి గుడికి, అంటే మా చర్చికి, కాలవ గట్టు మీంచి వెళ్తే పది నిమిషాలు. మామ్మ ఒప్పుకునేది కాదు. కామందుల వీధిలోంచే వెళ్ళాలి, చుట్టు తిరిగి, అరగంట నడిచి. చెప్పులు టకటకలాడిస్తూ ముందు ఆవిడ, వెనక మేము. బయల్దేరే ముందు గుమ్మంలో నన్ను నిలబెట్టి కిందికీ పైకీ చూసేది. "కుచ్చిళ్ళు దించవే. ఇంకా దించు. మడమలు కప్పాలి" అనేది. వానాకాలంలో కూడా అంతే. శనివారమంతా చాకిరీ చేసి ఇస్త్రీ చేసిన బట్టలు గుడికి చేరేసరికి అంచుల నిండా బురద! "గట్టు మీంచి వెళ్తే పోతుంది కదా మామ్మా, ఎందుకీ ఊరేగింపు?" అని నేను మొహం మాడ్చుకుంటే, "నడవ్వే" అనేది. అంతే. నిమ్మకు నీరెత్తినట్టు నడిచేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అన్నం అడక్కుండానే పెట్టేవారు, కారణం మాత్రం కాళ్ళు పట్టుకుని అడిగినా చెప్పేవారు కాదు.

ఇది చిన్నప్పుడు చికాకు. అమలాపురం కాలేజీలో చేరాక అది మంటగా మారింది. ఎనభైల్లోకి అడుగుపెడుతున్న రోజులు. మగపిల్లలు ప్యాంటు గొట్టాలతో బస్టాండు ఊడుస్తూ తిరిగేవారు. ఆడపిల్లలు వాయిల్ వోణీలు, జాకెట్టు చేతులకు బుట్టలు, తల్లో కనకాంబరాలు, రోజుకొక రంగు స్టిక్కరు బొట్టు. వాళ్ళ మధ్య నేను, నూనె రాసి బిగించి మడిచి కట్టిన రెండు జడలు, వెలిసిపోయిన వోణీ, బోసి నుదురు. నోరు తెరవక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. నుదురు చూడగానే అందరికీ అన్నీ తెలిసిపోయేవి, మా పేట, మా కాలవ గట్టు, మా తాతల పని. "మీరు వాళ్ళాండీ?" అని ఎంత మర్యాదగా అడిగేవారో! ఒకమ్మాయి అయితే మా ఇంటికి వచ్చి వెళ్ళి, "మీ ఇంట్లో అందరూ తెల్లచీరలే కట్టేరేంటండీ, ఎవరైనా పోయేరా?" అంది. నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి కొబ్బరి చిప్పలు నేలకేసి కొట్టాను.

అప్పుడు మొదలుపెట్టాను దొంగబొట్టు. బస్సు ఐనవిల్లి దాటగానే స్టిక్కరు పెట్టుకోవడం, తిరుగు బస్సులో అదే చోట తీసి తెలుగు నోట్సు అట్ట లోపల అంటించడం. నెలరోజులు బాగానే సాగింది. ఒకరోజు బస్సులో నిద్రపోయాను. బొట్టుతోనే ఇంట్లోకి వెళ్ళాను, అదీ ఎప్పుడు? పేట ఆడవాళ్ళందరూ మా అరుగు మీద చాపలేసుకుని ప్రార్థన చేసుకుంటున్నప్పుడు. ఆమెన్ అని కళ్ళు తెరిచిన పదిహేను మంది నా నుదురే చూశారు. అమ్మ మొహం పాలిపోయింది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. "అమ్మాయ్, మన మొహం ఏంటో మనకి తెలియాలమ్మా" అన్నారు. అంతే. ఆ వాక్యానికి అర్థమేమిటో చెప్తారని నేను చాలాసేపు నిలబడ్డాను. ఆయన పేపరు తిరగేసుకున్నారు. మన మొహం ఏంటో మీరు చెప్తే కదండీ తెలిసేది నాన్నగారూ! ఆ మాట అప్పుడు పైకి అనలేదు, ఇప్పుడంటున్నాను.

ఇలా ఉడికిపోతున్న రోజుల్లో మా కాలేజీకి కొత్త ఎకనామిక్స్ మేడమ్ వచ్చారు. పట్నంలో చదువుకున్న మనిషి. రూపాయి బిళ్ళంత బొట్టు, వదులు ముడి, మెళ్ళో పూసలు, ఒంటి మీద ముతక ఎర్రగళ్ళ నేతచీర. మాకందరికీ మతులు పోయాయి. అప్పటిదాకా మాకు అందమంటే మెరిసేది, జారేది. ఈవిడేమో గోనెసంచిలాంటి గుడ్డ కట్టుకుని మహారాణిలా నడుస్తున్నారు. "ఇది మన నేలమీద పనిచేసే ఆడవాళ్ళ చీర, దీన్ని మించిన అందం లేదు" అని క్లాసులో చెప్పారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా మామ్మ కూడా నేలమీద పనిచేసిందే కదా! మరి ఆవిడకు ఆ తెల్లచీరల ఖర్మేమిటి? మేడమ్ కట్టుకుంటే అందరూ ఆహా అన్న చీర మా మామ్మ కట్టుకుని కామందుల వీధిలోంచి నడిస్తే? క్రిస్మస్ రోజున, అందరి ముందూ? ఆ ఊహ పుట్టాక నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ ఆ చీరలో గుళ్ళోకి నడిచి రావాలి, నా స్నేహితురాళ్ళు చూడాలి, మాకూ రంగులు తెలుసని లోకానికి తెలియాలి. ఆ వయసులో నాకు అంతకంటే పెద్ద కోరిక లేదు.

పేట పిల్లలకు ట్యూషన్లు చెప్పి నాలుగు నెలలు కూడబెట్టాను. నా క్లాసుమేటు సత్యవతిది బండారులంక, వాళ్ళ నాన్నగారు మగ్గం నేస్తారు. మేడమ్‌కు ఆ చీర నేసింది కూడా ఆయనే. ఒక శనివారం కాలేజీ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, చేతులు తుడుచుకుని, పెట్టెలోంచి ఒక ఎర్రగళ్ళ చీర తీశారు.

"ఎవరికమ్మా?" అన్నారు.

"మా మామ్మకండీ."

ఆయన నా బోసి నుదురు వైపు చూశారు. చూసి, చీర మళ్ళీ మడత పెట్టారు. "మామ్మగారికా తల్లీ? నీలం అంచు తెల్లది ఉందమ్మా. పెద్దోళ్ళకి అది బాగుంటాది. తియ్యమంటావా?"

"వద్దండీ. ఇదే కావాలండీ."

"పోనీ ఇంట్లో నాన్నగారిని ఓమాటు అడిగి రాకూడదా అమ్మా? చీర ఎక్కడికీ పోదు. పక్కనెడతాను."

"అడగక్కర్లేదండీ. నా డబ్బులేనండీ."

ఆయన తల గోక్కున్నారు. ఏదో అనబోయి కూతురి వైపు చూశారు. "ఆయ్, మీ ఇష్టమమ్మా" అని కాగితంలో చుట్టి ఇచ్చారు. ఆయనకు తెలుసు! ఆ నేతగాడికి తెలుసు, ఆ చీర పూర్వం ఎవరు కట్టేవారో, ఎందుకు కట్టేవారో. ఒక్క ముక్క చెప్పి ఉంటే నా బతుకులో ఒక రోజు బాగుపడేది. చెప్పలేదు. ఎందుకంటే మర్యాద. మా కోనసీమ మర్యాద ఉందే, అది పనసకాయ కోసేటప్పుడు పూసుకునే నూనె. ఎక్కడా చేతికి జిగురు అంటనివ్వదు. ఒకరి గాయం గురించి ఒకరు మాట్లాడరు, అండీ అంటారు, ఆయ్ అంటారు, కాఫీ ఇస్తారు, నువ్వు గోతిలోకి నడుస్తుంటే పక్కకు తప్పుకుని దారిస్తారు.

క్రిస్మస్ పొద్దున అందరూ గుడికి తయారై వసారాలో నిలబడ్డారు. మామ్మ అప్పుడే ఇస్త్రీ మడత విప్పిన తెల్లచీరలో ఫెళఫెళలాడుతూ పీట మీద కూర్చుంది. నేను కాగితం పొట్లం తెచ్చి ఒళ్ళో పెట్టాను. "మామ్మా, నీకు. ఇది కట్టుకుని రావాలి ఇవాళ." ఆవిడ కళ్ళకు శుక్లాలు. ముందు వేళ్ళతో తడిమింది. తడుముతున్నప్పుడు నవ్వు మొహమే. అంచు దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి. లేచి, చీర తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్ళింది.

"ఇది నీకెవరిచ్చేరే?" అంది.

"ఎవరో ఇవ్వడమేంటి మామ్మా, నేనే కొన్నాను."

"కొన్నావా? డబ్బులెట్టి?"

"ఆ. నా ట్యూషను డబ్బులు."

"డబ్బులెట్టి కొన్నావా దీన్ని!" అంది మామ్మ. అని, నవ్వడం మొదలుపెట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. అది నవ్వో ఇంకొకటో నాకు తెలియలేదు. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, చీర పీట మీద పెట్టి, "పదండి, ఏళైపోతంది" అంది.

నాలుగు నెలల ఆశ నాది. తాటాకు మంటలా లేచాను. "కట్టుకోవా? ఎప్పుడూ ఆ తెల్లగుడ్డలేనా! మీ ఇంట్లో ఎవరు పోయారని అడుగుతున్నారు కాలేజీలో. మీకు రంగంటే భయం, మనుషులంటే భయం. అయినా మంచి చీర కట్టుకునే మొహాలేనా మనవి!" అన్నాను.

నాన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను తలెత్తనివ్వదు. మామ్మ నా దగ్గరికి వచ్చి, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, అలాగే వంగి, నా లంగా అంచు పట్టుకుని కిందికి లాగింది. "మడమలు కనపడతన్నాయి" అంది. ఆ రోజు కూడా మేము కామందుల వీధిలోంచే గుడికి వెళ్ళాం.

మధ్యాహ్నం వంటింట్లో కోడికూర కలుపుతూ అమ్మ చెప్పింది. మొదటిసారి, చివరిసారి. గరిటె ఆపకుండా, నా మొహం చూడకుండా చెప్పింది. "మీ మామ్మ కాపరానికొచ్చిన కాడ్నించీ కామందుగారి చేలోనే చేసేది. కోతలయ్యేక వాళ్ళ కింద పనిచేసే ఆడాళ్ళందరికీ ఒకే రకం కోక ఇచ్చేవోరు. ఎర్రగళ్ళది. సంతలో కనపడ్డా, రేవులో కనపడ్డా ఫలానావారి మనిషని తెలవాలి గదా. ఎనిమిది మూరలే ఉండేది. మోకాళ్ళు దాటదు. దాటేలా కడితే ఊరుకునేవోరు కాదు, పొగరంటారు. ఆ వీధిలోకెళ్తే చెప్పులు చేత్తో పట్టుకోవాలి. మీ నాన్నగారు ట్రైనింగు పాసై మొదటి జీతంతో పన్నెండు మూరల తెల్లచీర తెచ్చేరు. ఆ రోజే మీ మామ్మ తన దగ్గరున్న కోకలు రెండూ ఉతికి, ఆరేసి, మడతెట్టి, తీసుకెళ్ళి ఆళ్ళ అరుగు మీద పెట్టేసింది. 'అయ్యా, మీ కోకలు మీకు ముట్టేయండి' అని చెప్పి, మడమలదాకా చీర దించుకుని, చెప్పులేసుకుని ఆ వీధంతా నడుచుకుంటా వొచ్చేసింది. మళ్ళీ ఒంటిమీద రంగు వెయ్యలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఏం చెప్తాం? చదువుకునే పిల్లవి. నీకెందుకే అయ్యన్నీ?" అంది అమ్మ. అని, ఉప్పు సరిపోయిందో లేదో చూడమని గరిటె నా చేతిలో పెట్టింది.

నాకెందుకు! ప్రతి ఆదివారం ఆ వీధిలో బురద తొక్కింది నేను. ఆ తెలుపు మొయ్యలేక చచ్చింది నేను. అది పండగ బట్టని, గెలుపని, ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే కాలేజీలో ఆ అమ్మాయికి తలెత్తి జవాబు చెప్పేదాన్ని. పిల్లలకు బరువు తెలియకూడదని దాచారు, సరే. బరువు దాచారు గానీ మూట నా నెత్తి మీదే పెట్టారు కదా. ఇంత కోపంలోనూ ఒకటి ఒప్పుకోవాలి. వాళ్ళు చెప్పలేదు, సరే, నేనేం చేశాను? మామ్మ దగ్గరికి వెళ్ళి తప్పయిపోయింది మామ్మా అంటే అయిపోయేది. అనలేదు. రోజూ అందామనుకునేదాన్ని. ఆవిడ పీట మీద కూర్చుని గంజి రుచి చూస్తున్నట్టు వేలు ముంచుతుంటే, పక్కనే బొగ్గులు విసురుతూ నోరు తెరిచేదాన్ని, మూసేదాన్ని. ఆవిడేమో ఏమీ జరగనట్టే ఉండేది. ఆ ఎర్రచీర నాలుగు రోజులకు పీట మీంచి మాయమైంది. దాన్నేం చేశారని అడిగే ధైర్యం నాకు లేదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి మామ్మ పోయింది. మూల నీలం అక్షరమున్న తెల్లచీరలోనే పెట్టెలో పడుకోబెట్టారు. ఆవిడ పాదాలు కప్పి ఉన్నాయో లేదో అని నేను రెండుసార్లు చూశాను. నా మాట నాతోనే మిగిలిపోయింది.

ఇప్పుడు మా గుళ్ళో చూస్తే అన్ని రంగులూ ఉన్నాయి. పట్టుచీరలు, జరీలు, ముత్యాల సెట్లు, కొందరికి బొట్టు, కొందరికి లేదు, ఎవరూ ఎవరినీ అడగరు. తెల్లచీరలు వెనక బల్లల మీద నలుగురైదుగురు ముసలివాళ్ళకు మిగిలాయి. గంజి పొట్లాల్లో అమ్ముతున్నారు. సంతోషించాల్సిందే, నేనే కదా ఆ రోజు రంగుల కోసం గొంతు చించుకున్నది. కానీ ముందు బల్లల మీద మెరిసిపోతున్న పిల్లల్ని చూస్తే నాకు సంతోషంతో పాటు తిక్క కూడా పుట్టుకొస్తుంది. ఏది కట్టుకున్నా ఫరవాలేదర్రా, మీ ముత్తవ్వ ఏది విడిచిపెడితే ఇది మీ ఒంటిమీదికి వచ్చిందో తెలుసా? తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు సాయంత్రం స్నేహ తలుపు తీసుకుని వచ్చింది. చీర మడతపెట్టి నా ముందు బల్ల మీద పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సారీ అత్తా" అంది. నేనేదో అనేలోపే, "అయినా నాకేం తెలుస్తుంది? నాన్నని అడిగితే నాకు తెలీదంటారు. నాన్నమ్మని అడిగితే 'నీకెందుకమ్మా' అనేది. నువ్వేమో అరుస్తావు. మీ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరా?" అంది.

చెంప మీద కొట్టినట్టయింది. నలభై ఏళ్ళుగా నేను అందరినీ తిట్టుకుంటున్న తిట్టు, దాని అసలు చిరునామా వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చింది. కూర్చోవే అన్నాను. చెప్పాను. గంజి దగ్గర్నుంచి చెప్పాను. ఎనిమిది మూరలు చెప్పాను, అరుగు మీద పెట్టిన మడతలు చెప్పాను, నేనన్న మాట కూడా చెప్పాను. అంతా విని స్నేహ చీర తన వైపు లాక్కుని, మూల వెతికి పట్టుకుని, "మరి ఇదేంటత్తా? ఎవరో కుట్టారు. ఇందాకటి నుంచి అడుగుదామనుకుంటున్నాను" అంది.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఎర్రగడి మీద నీలం దారం. చూపు ఆనని కళ్ళతో కుట్టింది కాబోలు, కుట్లు ఎక్కడెక్కడికో పోయాయి. కొమ్ము కాస్త కిందికి జారింది. 'సు'.

నేను ఆ మూలను వేళ్ళతో తడిమాను. కళ్ళు తుడుచుకుంటూనే తిట్టాను ఆవిణ్ణి. "వేశావు, బాగానే ఉంది. నాకొక్క మాట చెప్పొచ్చు కదే ముసలీ! రెండేళ్ళు పక్కన కూర్చుని గంజి పల్సగుందని తిట్టావు గానీ, ఇది నాదేనే అని ఒక్కసారి అనలేకపోయావా!" మా తమ్ముడు లోపలి నుంచి వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వాడికి కూడా చెప్పాలి, కూర్చోమన్నాను.

"కట్టుకోనా అత్తా? ఇప్పుడు కట్టుకోవచ్చా?" అంది స్నేహ, భయపడుతూనే.

"ఆ ప్యాంటు విప్పేసి, లోపల లంగా కట్టుకుని రా" అన్నాను.

వచ్చి నిలబడింది. బండారులంక నేతగాడు నాకు ఇచ్చింది పూర్తి పన్నెండు మూరల చీర, ఆ సంగతి ఆ క్రిస్మస్ రోజు ఎవరమూ విప్పి చూసుకోలేదు. నేను కుర్చీ పట్టుకుని, మోకాళ్ళు కలుక్కుమంటుంటే నేలమీద కూర్చుని, పిల్ల కుచ్చిళ్ళు చేతుల్లోకి తీసుకున్నాను.

"ఇంకా దించవే" అన్నాను. "మడమలు కప్పాలి."